చెంచుపేట డాబా ఇంట్లో మా బడి

మాది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి. గేటు మీద పేరుతో పెద్ద బోర్డే ఉండేది. ఆ పేరుతో పిలిచినవాడు మాత్రం తెనాలి మొత్తానికి పోస్ట్‌మాన్ ఒక్కడే. రిక్షావాళ్ళకి అది పిచ్చి బడి. కాస్త మర్యాదస్తులు మాటలు రాని పిల్లల స్కూలు అనేవాళ్ళు, మా పిల్లల్లో సగం మంది వాగుడుకాయలే అయినా సరే. చెంచుపేటలో ఓ పాత డాబా ఇల్లు, ముందు వేపచెట్టు, వెనక చేతిపంపు, మూడు గదులు, ఓ పొడుగాటి వరండా. 1993లో చేరాను, బడి మూతపడేదాకా అక్కడే ఉన్నాను.

అసలు ఇలాంటి చదువొకటి ఉందని డిగ్రీ అయ్యేదాకా నాకు తెలీదు. బి.ఇడి. సీటు రాలేదు, ఖాళీగా ఇంట్లో కూర్చుంటే సంబంధాలు చూడ్డం మొదలెడతారు, ఆ భయంతోనే పేపర్లో ప్రకటన చూసి సికింద్రాబాదు వెళ్ళి డిప్లొమాలో చేరాను. సేవాభావం గీవాభావం ఏమీ లేదండీ, ఉన్నదున్నట్టు చెప్తున్నా. మా నాన్న అడిగిన మొదటి మాట "రేపు పెళ్ళివాళ్ళు అమ్మాయి ఏం చదివిందంటే ఏమని చెప్పాలే?" అని. ఆయన అడిగిందీ నిజమే, ఆ తర్వాత చాలా ఏళ్ళు మా చుట్టాల్లో సగం మంది నేను నర్సుననుకున్నారు.

ఆ సంస్థ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండీక్యాప్డ్ అని పేరు, అప్పట్లో అందరం ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవాళ్ళం, ఇప్పుడు పేరు మారి నీపిడ్ అయింది. జంటనగరాల్లో అంతకుముందే ఠాకూర్ హరిప్రసాద్ వాళ్ళదీ, స్వీకార్ వాళ్ళదీ ఇలాంటి సంస్థలే ఉండేవి కానీ, జిల్లాల నుంచి వచ్చే జనానికి ఎక్కువగా తెలిసింది ఇదే. పొద్దున్నే రైళ్ళు దిగి పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు, చేతిసంచీలో డాక్టర్ల చీటీలు, ఎక్స్‌రేలు, పిల్లాడి మెళ్ళో రెండు మూడు తాయెత్తులు. కేసు రాసుకునేటప్పుడు మేం అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనది "పుట్టగానే ఏడ్చాడా అమ్మా?" అని. బిడ్డ ఏడవడం ఆలస్యమైందంటే మెదడుకి ఆక్సిజన్ అందడంలో ఇబ్బంది అయుండొచ్చు. ఆ తర్వాత మేనరికమా, ఫిట్స్ వచ్చాయా, మెదడువాపు జ్వరం గానీ వచ్చిందా, ఇలా సాగేది. మేనరికమా అని అడగ్గానే అత్తగారు కోడలి వంక, కోడలు మొగుడి వంక చూసే చూపులు ఇప్పటికీ గుర్తే. అన్నీ అయ్యాక వాళ్ళు అడిగేది ఒక్కటే, ఏ మందు వేస్తే నయమవుద్ది? ఇది జబ్బు కాదమ్మా, దీనికి మందు లేదు, నేర్పితే మాత్రం నేర్చుకుంటాడు అని మా మేడం ఓపిగ్గా చెప్పేవారు. చాలామంది మొదటి సగం విని లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రెండో సగమే నా ఉద్యోగం అయింది.

తెనాలి బడిలో కొత్త పిల్లాడు చేరగానే పాఠం మొదలుపెట్టేవాళ్ళం కాదు, ముందు వాడికి ఏం వచ్చో చూసేవాళ్ళం. అందుకు మద్రాసులో తయారుచేసిన చెక్‌లిస్టు ఒకటి వాడేవాళ్ళం. అందులో 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 పనులు, మొత్తం 360. గ్లాసు పట్టుకుని తాగుతాడా, పిలిస్తే చూస్తాడా, చెప్పులు వేసుకుంటాడా, వేడి వస్తువు దగ్గర జాగ్రత్తగా ఉంటాడా. చేయగలిగినదానికి నీలం రంగు, చేయలేనిదానికి ఎరుపు నింపాలి. మూడు నెలలకోసారి మళ్ళీ చూసి, వచ్చేసినవాటిని నీలంగా మార్చాలి. పెద్ద పెద్ద రిపోర్టులు రాసే రోజుల్లో కూడా నాకు ఆ రంగుల కాగితమే ఇష్టంగా ఉండేది, ఎందుకంటే నాతో మాట్లాడే తల్లుల్లో చదువు రానివాళ్ళు చాలామంది. బుద్ధిమాంద్యం మోడరేట్, అంటే మధ్యస్థం, అని చెప్తే వాళ్ళకేం అర్థమవుద్ది? ఆ కాగితం చూపిస్తే మాత్రం ఒకావిడ వేలు పెట్టి ఎర్రగళ్ళు ఒక్కొక్కటే తడుముతూ "ఈసారికి ఇది నీలం చేద్దాం టీచరమ్మా" అనేది. కాంట్రాక్టర్లు కూడా అంత పట్టుగా బేరమాడరు.

బడి మొత్తంలో అసలైన టీచరు ఎవరంటే ఆయమ్మ. సంతకం కూడా వేలిముద్రే. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడ రాజ్యం. పన్నెండేళ్ళ పిల్లాడికి కూడా వాళ్ళమ్మ పెరుగన్నం మెత్తగా గుజ్జులా పిసికి పంపించేది, వాడికి కలుపుకోవడం రాదని. ఆయమ్మ ఆ బాక్సులు చూసి తిట్టుకునేది. "చారన్నం పెడితే జారిపోద్ది, గుజ్జు పెడితే వాడికేం పని ఉంటది, ముద్దపప్పు పంపించమ్మా" అని తల్లులకి గేటు దగ్గరే ఆర్డరు వేసేది. నిజమే, పప్పన్నం ముద్దకి నిలుస్తుంది. మొదట్లో పిల్లాడి చెయ్యి మీద తన చెయ్యి వేసి ముద్ద చేయించేది. కొన్నాళ్ళకి మణికట్టు పట్టుకునేది. ఇంకొన్నాళ్ళకి మోచెయ్యి, ఆ తర్వాత భుజం మీద ఊరికే చెయ్యి వేసి కూర్చునేది, చివరికి ఎదురుగా కూర్చుని తన అన్నం తను తినేది. మేం డిప్లొమాలో నోట్సులు నోట్సులు రాసుకున్న పాఠం ఇదే, సాయం ఎలా మొదలుపెట్టాలి, ఎలా కొంచెం కొంచెంగా తీసేయాలి అన్నది. ఆవిడకి ఎవరు చెప్పారని? ఎనిమిదిమందిని కని పెంచిన మనిషి, అంతే.

బాత్రూమ్ అలవాటు కూడా ఆవిడ చలవే. గోడకి టైము పట్టిక తగిలించాం, ఏ పిల్లాణ్ణి ఎన్నింటికి తీసుకెళ్ళాలో. గంటలు చూడ్డం రాని ఆయమ్మ రైళ్ళ కూతలని బట్టి తీసుకెళ్ళేది. తెనాలి జంక్షను కదా, రైళ్ళకేం కొదవ. రైలు లేటైతే మాత్రం వరండా తడిసేది.

గుండీ సంగతి చెప్పాలి. చొక్కా గుండీ పెట్టుకోవడం మనకి పనే కాదు. కూర్చుని విడదీస్తే ఎన్ని మెట్లో. ఎడమ చేత్తో కాజా ఉన్న అంచు పట్టుకోవాలి. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య గుండీని నిలువుగా పట్టుకోవాలి. దాన్ని కాజాలోకి సగం తోయాలి. ఇప్పుడు చేతులు మార్చాలి, అవతల పైకి వచ్చిన సగాన్ని ఎడమ చేత్తో అందుకోవాలి, కుడి చేత్తో గుడ్డని వెనక్కి లాగాలి. ఆ చేతులు మార్చే దగ్గరే పిల్లలందరూ ఆగిపోతారు. బోసు రోడ్డులో ఒక దర్జీ చేత చెక్క ఫ్రేముకి రెండు గుడ్డలు బిగించి, కోటుకి వేసే పెద్ద పెద్ద గుండీలు కుట్టించాం. నేర్పడం చివర్నుంచి మొదటికి. అంటే అన్నీ మనమే చేసి, గుండీ దాదాపు బయటికి వచ్చేశాక ఆ ఆఖరి లాగుడు ఒక్కటి పిల్లాడికి వదిలిపెడతాం. వాడు లాగుతాడు, గుండీ పడుతుంది, పని పూర్తిచేసింది వాడే అవుతాడు! మొదటి మెట్టు నుంచి నేర్పితే వాడు మొదలుపెడతాడు, మనం పూర్తిచేస్తాం, పిల్లాడికి ఎప్పుడూ సగంలో లాక్కున్నట్టే ఉంటుంది. ఆఖరిది వచ్చాక దాని ముందుది, అది వచ్చాక ఇంకా ముందుది. పెద్ద గుండీల నుంచి చిన్న గుండీలకి, ఫ్రేము మీద నుంచి ఒంటి మీదికి, ఇలా వెళ్ళడానికి కొందరికి ఏడాది పట్టేది.

వాడి పేరు వద్దు, చంటి అందాం. చంటి బళ్ళో గుండీలన్నీ పెట్టుకునేవాడు, ఇంట్లో ఒక్కటీ పెట్టుకునేవాడు కాదు. వాళ్ళమ్మని అడిగితే "పొద్దున్నే నాకు టైమెక్కడిది టీచరుగారూ, వాడు పెట్టుకునేసరికి రిక్షా వెళ్ళిపోద్ది, నేనే టకటకా పెట్టేస్తాను" అంది. ఆవిణ్ణి ఏమనగలం? ఇద్దరు చిన్నపిల్లలు, ఒక గేదె, పొద్దున్నే పనికి వెళ్ళే మొగుడు. నేను ఒకటే అడిగాను, పైవన్నీ మీరు పెట్టండి, కింది గుండీ ఒక్కటి వాడికి వదిలేయండి అని. కొన్నాళ్ళకి ఆవిడే నవ్వుతూ వచ్చి, మొత్తం పెట్టబోతుంటే చెయ్యి తోసేశాడు టీచరుగారూ, నా మీద కోపం కూడా వచ్చింది వాడికి అని చెప్పింది. నాకు ఆ కోపం మహా నచ్చింది.

మా పిల్లలకి అడ్డం పడింది చెడ్డవాళ్ళకంటే ఎక్కువగా మంచివాళ్ళే. నా పాతికేళ్ళ తగువులన్నీ మంచివాళ్ళతోనే. డబ్బులు నేర్పడానికి ప్లాస్టిక్ బిళ్ళలు కాకుండా నిజం రూపాయిలు ఇచ్చి వీధి చివరి కొట్టుకి పంపేవాళ్ళం. ఆ కొట్టాయన పాపం పిల్లలు అని డబ్బులు తీసుకోకుండా బిస్కట్ పొట్లం ఇచ్చి పంపించేసేవాడు. మాకిక్కడ నెల రోజుల పాఠం గంగలో! నేను వెళ్ళి, బాబూ, డబ్బులు తీసుకో, వీలైతే చిల్లర తక్కువిచ్చి చూడు, వాడు అడుగుతాడో లేదో అంటే ఆయన నా వంక అదోలా చూశాడు. దేవుడి లాంటి పిల్లల దగ్గర డబ్బు తీసుకుంటే పాపం తగుల్తుందట. చివరికి మేం ముందే డబ్బు కట్టేసినట్టు లెక్క, పిల్లలిచ్చింది నువ్వు దాచి సాయంత్రం మాకిచ్చెయ్ అని బేరం కుదుర్చుకుంటే గానీ ఒప్పుకోలేదు. దేవుడి పిల్లలనే మాట ఆ రోజు నుంచీ నాకు పడదు. మా వాళ్ళు దొంగతనంగా చాక్‌పీసులు తినేవాళ్ళు, ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు చెప్పేవాళ్ళు, ఒకడికైతే పక్కవాడి టిఫిన్ బాక్సులో గుడ్డు ఉంటే పొద్దుటి నుంచే తెలిసిపోయేది.

తల్లిదండ్రులకి కావాల్సింది మాత్రం అ ఆలు. పలక మీద అ దిద్దితే బడికి వెళ్తున్నట్టు, గుండీలు పెట్టుకుంటే వెళ్ళనట్టు. నేర్పం అని మేమెప్పుడూ అనలేదు, వచ్చేవాళ్ళకి నేర్పాం కూడా. రాని వాళ్ళకి అక్షరాల జోలికి పోకుండా మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపట్టించేవాళ్ళం: పురుషులు, స్త్రీలు, ప్రమాదం, గుంటూరు, తెనాలి. అక్కడా ఒక చిక్కుంది. అట్ట మీద నేను నల్ల స్కెచ్‌తో రాసిన ‘పురుషులు’ టక్కున చెప్పే పిల్లాడు, బస్టాండులో నీలం రంగు గోడ మీద తెల్లగా, వంపుగా రాసిన అదే మాట దగ్గర గుడ్లప్పగించి నిలబడిపోయేవాడు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి తెచ్చుకోవడమే ఈ పిల్లలకి అన్నిటికంటే కష్టం. అందుకని తరగతి గదిలో సగం, బయట సగం. వారానికోసారి పిల్లల్ని చేతులు పట్టించి వరసలో స్టేషనుకీ, బస్టాండుకీ, కూరగాయల మార్కెట్టుకీ తీసుకెళ్తుంటే జనం దారి ఇచ్చేవాళ్ళు. కొందరు దణ్ణం పెట్టేవాళ్ళు, కొందరు పిల్లల్ని లాక్కుని పక్కకి జరిగేవాళ్ళు.

ఆడపిల్లలు పెద్దమనుషులయ్యే వయసు వచ్చేసరికి తల్లుల మొహాలు మారిపోయేవి. నేను చేరిన మరుసటి ఏడు, 1994 ఫిబ్రవరిలో, పుణెలో ఒక ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న ఇలాంటి అమ్మాయిలకి గర్భసంచులు తీసేసే ఆపరేషన్లు చేశారని దేశమంతా గొడవైంది. నెలసరి వస్తే వాళ్ళని శుభ్రంగా ఉంచలేకపోతున్నాం అన్నది కారణం. పేపర్లో అది చదివి మేం ఆవేశపడుతుంటే ఒకావిడ మెల్లగా నన్ను పక్కకి పిలిచి, ఆ ఆపరేషను గుంటూరులో కూడా చేస్తారా అమ్మా అని అడిగింది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. కూలికి వెళ్తే సాయంత్రం దాకా కూతురు ఒక్కతే ఇంట్లో, ఆ భయం వేరు. ఆ రోజు నుంచి మేం దాన్ని కూడా పాఠంలా నేర్పాం, గుండీ నేర్పినట్టే. లోదుస్తుకి గుడ్డ ఎలా మడిచి పెట్టాలి, మరక ఎలా ఉంటుందో ఎర్ర సిరా వేసి చూపించి, అది కనిపిస్తే ఏం చేయాలి, తలుపు వేసుకుని మార్చుకోవాలి, వాడినది కాగితంలో చుట్టాలి, చేతులు కడుక్కోవాలి. అమ్మకి చెప్పాలి, నాన్న ముందు చెప్పకూడదు అన్నది కూడా మెట్లలో ఒకటి. మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ అనే మాటలు అప్పటికి మా ఊరు రాలేదు కానీ, ఎవడైనా ముట్టుకుంటే గట్టిగా అరవమని నేర్పాం. ఆవిడ కూతురు నేర్చుకుంది. ఆపరేషను మాట మళ్ళీ రాలేదు.

ఇంకో రకం ఫోన్లు, అంటే అప్పట్లో ఫోన్లెక్కడివి, కబుర్లు వచ్చేవి. "రేపు అక్కకి పెళ్ళిచూపులు, వాణ్ణి సాయంత్రం చీకటిపడేదాకా బళ్ళోనే ఉంచుకోండమ్మా." మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఆయమ్మే సర్ది చెప్పింది, ఆ పిల్ల పెళ్ళి చెడితే రేపు వీణ్ణే ఆడిపోసుకుంటారు, ఉంచుకుందాంలే అని. అలా పెళ్ళిచూపుల నాడు బళ్ళో మిగిలిపోయిన పిల్లలకి ఆవిడ పకోడీలు వేసేది. పిల్లలకి అది పండగ. ఇంట్లో పెళ్ళికావాల్సిన అక్కలు ఎక్కువమంది ఉన్నవాడు అదృష్టవంతుడని మా టీచర్ల జోకు.

ఆటల గురించి కూడా ఒక మాట. వాట్సాపులో తెగ తిరిగే కథ ఒకటుంది చూడండి, మానసిక వికలాంగుల పరుగుపందెంలో ఒకడు పడిపోతే మిగతావాళ్ళంతా ఆగి, లేపి, చేతులు పట్టుకుని గీత దాటారని. గుంటూరులో స్పెషల్ ఒలింపిక్స్ జిల్లా పోటీలకి మా పిల్లల్ని ఎన్నో ఏళ్ళు తీసుకెళ్ళాను. మా వాళ్ళు ఎవరూ ఎవరికోసమూ ఆగలేదండీ. 50 మీటర్ల పరుగులో ఈల కొట్టకముందే ఒకడు, కొట్టినా కదలకుండా ఒకడు, ప్రేక్షకుల్లో అమ్మని చూసి గీత వదిలేసి అటు పరిగెత్తినవాడొకడు. ఓడిపోతే నేలమీద పడి ఏడ్చేవాళ్ళు, పతకం వస్తే నెల రోజులు తీసేవాళ్ళు కాదు. అందరు పిల్లల్లాగే గెలవాలని పరిగెత్తారు. ఆ కథ ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఇది నచ్చదు.

పెద్దవాళ్ళైన పిల్లలకి వరండాలో పని ఉండేది, మందుల షాపులకి కాగితం కవర్లు. పాత పేపర్లు కొలతకి కత్తిరించడం ఒకడు, మడవడం ఇద్దరు, అంటించడం ఒకడు. మైదా జిగురు ఉడికించి పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలిపే పని మాత్రం ఆయమ్మది, పిల్లల్ని దరిదాపులకి రానిచ్చేది కాదు. లెక్కపెట్టడం రానివాళ్ళు కట్టలు ఎలా కడతారు? అట్ట మీద పది గళ్ళు గీశాం. ఒక్కో గడిలో ఒక్కో కవరు పెట్టాలి, గళ్ళన్నీ నిండితే తీసి రబ్బరు బ్యాండు వేయాలి. పది అనే అంకె తెలీని పిల్లాడు తప్పులేకుండా వందలు వందలు కట్టేవాడు. ఒకటో తారీఖున ఒక్కొక్కళ్ళ చేతికీ జీతం. చాలా కొద్ది డబ్బే. కొందరు తల్లులు దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టేవాళ్ళు. చంటి మాత్రం చేతికి రాగానే వీధి చివరి కొట్టుకెళ్ళి కూల్‌డ్రింకు కొనుక్కునేవాడు, అదీ పెద్ద సీసా. "డబ్బులన్నీ తగలేస్తున్నాడు, మీరైనా చెప్పండి" అని వాళ్ళమ్మ మొర. వాడి కష్టార్జితం, వాడిష్టం అన్నాను. కొట్టాయన అప్పటికి డబ్బులు తీసుకోవడం అలవాటు చేసుకున్నాడు లెండి.

ప్లాస్టిక్ కవర్లు వచ్చాక షాపులవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేశారు. ఫినాయిల్ కలిపాం, చాక్‌పీసులు చేశాం, ఏదీ కవర్లంత నడవలేదు.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల కాలం నాటి ముచ్చట ఒకటి చెప్పకపోతే ఇదంతా రాసీ దండగ. రాష్ట్రం విడిపోయిన కొత్తలో, మన ఆంధ్రాలో పెన్షను పెంచారు, వైకల్యం 40 నుంచి 79 శాతం దాకా ఉంటే 1000, 80 దాటితే 1500. మేధో వైకల్యానికి, బుద్ధిమాంద్యానికి ఇప్పటి పేరు అదే లెండి, శాతాలు ముందే కట్టేసి ఉంటాయి: మైల్డ్ (తక్కువ) అయితే 50, మోడరేట్ అయితే 75, సివియర్ (తీవ్రం) అయితే 90. అంటే మోడరేట్‌కీ సివియర్‌కీ మధ్య నెలకి ఐదొందల తేడా. అప్పటికి ముప్పై దగ్గర పడుతున్న మా పాత విద్యార్థి ఒకణ్ణి తీసుకుని వాళ్ళమ్మ, నేను గుంటూరు వెళ్ళాం. పొద్దున్నే వరసలో నిలబడితే మధ్యాహ్నం దాటాక పిలిచారు. లోపలికి వెళ్ళగానే డాక్టరు మామూలుగా "నీ పేరేంటి నాన్నా?" అన్నాడు. వీడు లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, వీధి, తెనాలి, గుంటూరు జిల్లా అని ఆపకుండా అప్పజెప్పాడు. తప్పిపోతే పనికొస్తుందని ఆ వాక్యం మేం ఏళ్ళ తరబడి నేర్పాం. డాక్టరు మెచ్చుకున్నాడు. వాళ్ళమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. ఆ ఒక్క మాటతోనే శాతం వేయరు, సైకాలజిస్టు పరీక్ష వేరే ఉంటుంది, వాడిది నిజంగానే మోడరేట్. ఎన్ని చెప్పినా ఆవిడ వింటుందా? తిరుగు బస్సులో "ఈ ఒక్కరోజు నోరు మూసుకుని ఉండలేకపోయావురా, నెలకి ఐదొందలు పోగొట్టావు కదరా" అని తిడుతూనే ఉంది. వాడేమో డాక్టరు వెరీగుడ్ అన్నాడు, డాక్టరు వెరీగుడ్ అన్నాడు అని కండక్టరుకి కూడా చెప్పాడు. బస్సు దిగాక ఆవిడే పునుగులు కొనిపెట్టింది.

ఇప్పుడు ఆంధ్రాలో ఆ పెన్షను 6000 అయింది, సంతోషం. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు వచ్చాయి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు, మంచాన ఉన్న పిల్లలకి ఇంటికెళ్ళి కూడా చెప్తున్నారు. మామూలు బడిలో అందరితో పాటు కూర్చోబెట్టాలంటున్నారు, కూర్చోబెట్టాలి కూడా, ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి మర్చిపోకపోతే చాలు. మా బడి ఏమైందంటే, ఏమీ లేదు, ఇంటివాళ్ళు డాబా పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టుకుంటామన్నారు, ఆ అద్దెకి ఇంకో ఇల్లు దొరకలేదు, పిల్లలు ఎవరిదారిన వాళ్ళు వెళ్ళారు. ఆయమ్మ అంతకుముందే పోయింది.

నాకు మిగిలిపోయిన బాధ బడి గురించి కాదు. 2016 చట్టం ప్రకారం 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువు చెప్పాలి. ఆ తర్వాతే అసలు బతుకు. పద్దెనిమిది నిండిన మరుసటి రోజు నుంచి మా పిల్లలు చేసేది వీధి అరుగు మీద కూర్చోవడమే, కవర్ల లాంటి పని ఏదైనా ఉంటే తప్ప. ఎన్నేళ్ళు కష్టపడి నేర్పిన బస్సు ప్రయాణమూ, చిల్లర లెక్కా రెండేళ్ళు వాడకపోతే పోతాయి, నీలం గళ్ళు మళ్ళీ ఎర్రబడతాయి. తల్లులేమో ముసలివాళ్ళవుతున్నారు. "నాకంటే ఒక్కరోజు ముందు వాడు పోవాలి టీచరమ్మా" అనే మాట నేను ఎంతమంది నోట విన్నానో, ఏ కులం, ఏ మతం, డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు అని లేదు. దానికి జవాబు నా డిప్లొమాలో లేదు.

ఈమధ్య చంటి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చంటి నాన్న పోయారు, కొడుక్కి ఏవో డబ్బులు రావాలి, బ్యాంకులో గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారట. "కన్నతల్లినే నాకు కాగితమేంటమ్మా?" అని ఆవిడ గోల. ఇది చాలామందికి తెలీదు కాబట్టి వివరంగా రాస్తున్నాను, మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఇలాంటి పిల్లలుంటే చెప్పండి. 18 నిండాక చట్టం దృష్టిలో వాడు పెద్దవాడు, తల్లిదండ్రులు దానంతటదే సంరక్షకులు అయిపోరు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, కలెక్టరు దానికి అధ్యక్షులు. ఫారం ఎ నింపి ఆ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. అదే ట్రస్టు వాళ్ళదే నిరామయ అని ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చులు కూడా కలుస్తాయి, దానికి కూడా అప్పుడే అడగండి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఓపికగా తిరగగలిగిన రోజుల్లోనే ఈ పని చూసుకోండి, ఒకళ్ళు పోయాక తిరగడం నరకం. వైకల్య ధ్రువపత్రం, పుట్టిన తేదీ కాగితం, ఆధార్ వెంట పెట్టుకోండి, జిరాక్సులు నాలుగైదు ఎక్కువే తీయించండి. పిల్లాణ్ణి కూడా తీసుకెళ్ళండి. పేరు అడిగితే మీరు అందుకోకుండా వాణ్ణే చెప్పనివ్వండి, ఇక్కడ శాతాలేమీ తగ్గవు.